పెంటయ్య కాయ

ఊఁ కొట్టేవాళ్లు దగ్గరికి జరగండి. ఊఁ కొట్టని వాళ్లు హాయిగా పడుకోండి, వాళ్లకి కథ అక్కర్లేదు.

ఇది ఎప్పటి మాటో నాకు తెలీదు. మా అవ్వకీ తెలీదు. వాళ్ల అవ్వకీ తెలీదు. కొండలకింకా ఎవరూ పేర్లు పెట్టని కాలం అనుకోండి. ఆ కాలంలో సీకాయిమెట్ట అని ఒక ఊరుండేది. ఊరంతా కొండవాలున ఉంటే ఒక్క గుడిసె మాత్రం కింద లోవలో ఉండేది. లోవంటే రెండు కొండల మధ్య పల్లం. ఆ గుడిసె పెంటయ్యది.

పెంటయ్యంటే ఎవరనుకున్నారు? దొర కాదు. నాయుడు కాదు. మంత్రాలు తెలిసినవాడూ కాదు. ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోతే, నాలుగోవాణ్ని తల్లి పెంటకుప్ప మీద ఒక్క క్షణం పడుకోబెట్టి మళ్లీ ఎత్తుకుంది. చావు వాసన చూసి ఛీ అని పోతుందని ఆవిడ ఆశ. పోయింది కూడా. అందుకని పెంటయ్య.

అతనికి ఒక గుడిసె, ఒక ముక్క నేల, ఒక కూతురు. కూతురి పేరు గవరమ్మ. భార్య పిల్లకి పళ్లు రాకముందే పోయింది. పెంటయ్యే నీళ్లు పోశాడు, అన్నం పెట్టాడు, జడ వేశాడు. ఆ జడ చూసి ఊళ్లో ఆడవాళ్లు ఒకటే నవ్వు. చిక్కుడు తీగని పందిరికి చుట్టినట్టు చుట్టేవాడు మరి. రోజూ పొద్దుగూకగానే దుప్పటి కప్పి "పడుకో తల్లీ, పొద్దున్న నేపుతాను" అనేవాడు. పొద్దున్నే లేపేవాడు.

పిల్ల ఎదిగింది. పెళ్లయింది. ఒక కొండ ఎక్కి దిగి, రెండో కొండ ఎక్కి దిగి, మూడో కొండ ఎక్కి దిగితే గవరమ్మ అత్తారిల్లు.

ఇప్పుడు మీరడుగుతారు, బెంగగా ఉంటే వెళ్లి చూసి రావచ్చు కదా అని. అలా కాదు. పిలవకుండా పిల్లనిచ్చిన ఇంటికి తండ్రి వెళ్తే ఆ రోజుల్లో పరువు తక్కువ. ఊరికే చూడాలనిపించి పుట్టింటికి వచ్చే ఆచారం ఆడపిల్లకీ లేదు. మరి ఎప్పుడొస్తుంది? చిక్కుడు తొలికోతకి వస్తుంది.

ఆ కొండల్లో తొలికోత ఆడపిల్లది. పాదు పూత పట్టగానే తండ్రి ఒక పూతరెమ్మ తుంచి, సంతకి పోయేవాళ్ల చేతికిచ్చి కూతురింటికి పంపుతాడు. అదే పిలుపు. ఆవిడ వచ్చి కాయ కోసేదాకా ఆ ఇంట్లో చిక్కుడుకాయ ఎవరి నోట్లోకీ పోదు. కోత ఎన్నాళ్లు సాగితే అన్నాళ్లు ఆమె పుట్టింట్లో ఉండొచ్చు, అత్తగారు కూడా కాదనకూడదు. కోత అయిపోగానే అల్లుడొచ్చి తీసుకుపోతాడు. అయితే ఒక మెలిక ఉంది. ఆ ఇంటి గింజే కావాలి, ఆ ఇంటి నేలలోనే కాయాలి. అరువు గింజకి పిలుపు లేదు.

వెళ్లేనాడు గవరమ్మ లోవ గట్టుదాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"అయ్యా, పాదు తొరగా నాటు. తొరగా పూస్తే తొరగా ఒచ్చేస్తాను," అంది.

"అలాగేనమ్మా," అన్నాడు పెంటయ్య. అన్నాడు గానీ, ఆ పిల్లకి వినపడిందో లేదో.

గుడిసెలో పొయ్యి మీద ఒక ఎండు ఆనపకాయ బుర్ర వేలాడేది. అందులో భార్య దాచిన చిక్కుడు గింజలున్నాయి. మన్ను చల్లగా ఉంటే గింజ కుళ్లిపోతుంది గనక అక్కడివాళ్లు అడ్డాకు దొప్పల్లో మన్ను పోసి, గింజ పెట్టి, పొయ్యి పక్కన వెచ్చగా మొలిపించేవారు. మూడు ఆకులు తొడిగాక బయట నాటేవారు. పుష్యం పోయి మాఘం వచ్చిన మూడోనాడు ఊరంతా నాటుతుంది. అది ఊరి రోజు.

పెంటయ్య ఊరి రోజుదాకా ఆగాడా? ఆగలేదు. మొదటి ఏడు పుష్యంలోనే మొక్కలు బయటికి తెచ్చి నాటేశాడు.

కట్టెలకి దిగిన సన్నెమ్మ చూసింది. సన్నెమ్మ కొండవాలున ఉండే ముసలిది, పెంటయ్యకి అప్ప, అంటే అక్క వరస, చెయ్యి మంచిదేగానీ నోరు పదును.

"ఏటి పెంటయ్యా, నీళ్లు కాలికి తగిల్తే కొరుకుతన్నాయి. ఇప్పుడే బయటెట్టేసినావు. గింజలు నీకు మరీ ఎక్కువైపోనాయేటి?"

"తొరగా పూస్తే పిల్ల తొరగా ఒస్తాది గదప్పా."

సన్నెమ్మ అంత నోరూ మూసుకుని కట్టెలు ఎత్తుకుని వెళ్లిపోయింది.

మూడోనాటి తెల్లవారుజామున లోవంతా తెల్లమంచు పరుచుకుంది. గడ్డి మీద, రాయి మీద, గుడిసె కప్పు మీద తెల్లగా. ఎండ తగలగానే చిక్కుడు ఆకులు ఉడకబెట్టిన కూరలా నల్లగా వాలిపోయాయి. ఒక్కటి మిగల్లేదు.

పూత లేదు. పూతరెమ్మ లేదు. పిలుపు లేదు. ఒక కొండ, రెండో కొండ, మూడో కొండ అవతల గవరమ్మ సంతకి వచ్చినవాళ్లనల్లా అడిగేది, "మా అయ్య ఏటైనా ఇచ్చినాడా?" అని. "ఏటీ ఇవ్వనేదమ్మా," అనేవారు వాళ్లు. ఊళ్లో తక్కిన కోడళ్లు పుట్టిళ్లకి వెళ్లారు, వచ్చారు. ఆ పిల్ల చోడి పిండి, అదే రాగిపిండి, విసురుతూ కూర్చుంది.

రెండో ఏడు పెంటయ్య బుద్ధిగా ఉన్నాడు. ఊరి రోజుదాకా ఆగాడు. ఊరంతా నాటినప్పుడే నాటాడు, ఊరంతా నీళ్లు పోసినప్పుడే పోశాడు. అయిదోనాడు తెల్లవారి లేచి చూస్తే మళ్లీ అదే తెలుపు. ఎండ రాగానే మళ్లీ అదే నలుపు.

పరుగున కొండవాలు ఎక్కాడు. అక్కడ సన్నెమ్మ పెరట్లో మొక్కలు పచ్చగా ఉన్నాయి. ఆ పక్క పెరట్లోనూ పచ్చగా ఉన్నాయి. ఆ పై పెరట్లోనూ పచ్చగానే ఉన్నాయి. అక్కణ్నించి కిందికి చూశాడు. కొండంతా మామూలుగా ఉంది. అడుగున లోవ మాత్రం, గిన్నె అడుగున మిగిలిన పాలలాగా తెల్లగా ఉంది. అప్పుడర్థమైంది పెంటయ్యకి, చలి కూడా నీళ్లలాంటిదే, పల్లానికి జారి అక్కడే నిలిచిపోతుందని. ఊరి రోజు ఊరికి సరిపోతుంది. తన లోవకి సరిపోదు.

అర్థమై ఏం లాభం? కిందికి దిగి ఏడ్చాడు. లోవలో ఒక్కడే ఉండటంలో ఉన్న సుఖం అదొక్కటే, ఎంత ఏడ్చినా ఎవరూ వినరు. కూతుర్ని చూసి రెండేళ్లు కావస్తోంది. పిల్ల లావైందో చిక్కిందో తెలీదు. నవ్వుతోందో ఏడుస్తోందో తెలీదు. తన మొహమే మరిచిపోయిందేమోనని ఒక భయం కూడా పట్టుకుంది అతనికి.

బుర్ర దించి దులిపాడు. ఏమీ రాలలేదు. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. గలగలమని చప్పుడైంది. సన్నటి పుల్ల పెట్టి కెలికితే గింజలు రాలాయి. ఒకటి. రెండు. మూడు. బుర్ర మెడలో ఇరుక్కుపోయి మిగిలినవి అవే.

సన్నెమ్మ గుప్పెడు గింజలు తెచ్చింది.

"మా గింజలు తీసుకో. ఎవులికి తెలుస్తాది?"

"నాకు తెలుస్తాది గదప్పా," అన్నాడు పెంటయ్య. "అరువు గింజకి పిలుపు నేదు. ఈ మూడూ పోతే నా పిల్లకి ఇంక పుట్టిల్లు నేదు."

అదీ సంగతి. మూడు గింజలు. అవి బతికితే కూతురు వస్తుంది. చస్తే ఇక ఎప్పటికీ రాదు.

మూడో ఏడొచ్చింది. పెంటయ్య మూడు దొప్పల్లో మూడు గింజలు పెట్టి పొయ్యి పక్కన ఉంచాడు. మూడూ మొలిచాయి. ఒకనాడు చెయ్యి కడుక్కుని నీళ్ల మూకుడు బయటే మరిచిపోయాడు. తెల్లారి చూస్తే ఆ నీళ్ల మీద గాజు పెంకులా సన్నటి మంచు పొర. వేలితో పొడిస్తే టక్కుమంది. పెంటయ్య దాన్ని చాలాసేపు చూశాడు.

"ఊరి రోజు ఊరిది," అన్నాడు తనలో తాను. "నా నేల మాటేటో నా నేలనే అడుగుతాను."

ఆ రోజు నుంచి పొద్దుగూకేవేళకి మూకుడులో నీళ్లు పోసి పాదు తవ్విన చోట పెట్టేవాడు. తెల్లారగానే వెళ్లి వేలు పెట్టి చూసేవాడు. పొర ఉంటే దొప్పలు పొయ్యి పక్కనే. పొర లేని రోజు ఎండ పొడిచాక దొప్పలు బయటికి తెచ్చేవాడు. మొదటిరోజు కాసేపు ఉంచాడు. మర్నాడు ఒక పూట ఉంచాడు. ఆ తర్వాత పొద్దు వాలేదాకా ఉంచాడు. ఇంట్లో పెరిగిన పిల్లని ఒక్కసారిగా బయట వదిలేస్తే బెదిరిపోదూ? పొద్దు వాలగానే మళ్లీ లోపలికి.

ఊరి రోజు వచ్చింది. ఊరంతా నాటింది. పెంటయ్య నాటలేదు.

"మాఘం ఎల్లిపోతంది, లోవోడు నిద్రోతన్నాడు," అని పైనుంచి కేకలేశారు. కేకలేస్తే వేశారు. లోవలో మూకుడు మీద ఇంకా పొర కడుతూనే ఉంది.

ఒకనాడు పొర కట్టలేదు. మర్నాడూ కట్టలేదు. పెంటయ్య మనసు ఆగలేదు. దొప్పలు మూడూ చేతుల్లోకి తీసుకుని పాదు దాకా వెళ్లాడు. రెండు రోజులు చాలవా? ఒక్క రోజు ముందు నాటితే ఒక్క రోజు ముందు పూస్తుంది, ఒక్క రోజు ముందు పిల్ల వస్తుంది. ఆ ఒక్క రోజు కోసం ప్రాణం కొట్టుకుంది. అక్కడే నిలబడ్డాడు. నిలబడి నిలబడి, మొదటి ఏడు నల్లబడ్డ ఆకులు గుర్తొచ్చి, వెనక్కి తిరిగాడు. మూడోనాడు తెల్లారి చూస్తే మూకుడు మీద పొర. పెంటయ్య దొప్పల్ని మళ్లీ పొయ్యి దగ్గరికి జరిపాడు.

మళ్లీ మొదటికొచ్చింది లెక్క. ఒకనాడు పొర లేదు. రెండోనాడు లేదు. మూడోనాడు లేదు. అప్పుడు నాటాడు.

కథ అయిపోయిందనుకుంటున్నారేమో. మంచు అంత మర్యాదస్థురాలు కాదు. నాటిన నాలుగోనాడు పొద్దుగూకేవేళకి గాలి చటుక్కున ఆగిపోయింది. ఆకాశంలో మబ్బు తునక లేదు, కడిగినట్టుంది. చేతి మీద వెంట్రుకలు నిక్కాయి. పెంటయ్యకి తెలిసిపోయింది.

మొక్కలు మూడు. ఇంట్లో కుండలు రెండే. అంబలి కాచుకునే అటిక ఒకటి, నీళ్ల కడవ ఒకటి. అటికలో అంబలి ఉంటే గబగబా నిలబడే తాగేసి, దాన్ని తెచ్చి మొదటి మొక్క మీద బోర్లించాడు. కడవలో నీళ్లు పాదుల్లోనే పోసి రెండో మొక్క మీద బోర్లించాడు. మూడో మొక్క మిగిలింది. తన దుప్పటి తెచ్చి మూడు పుల్లలు పాతి వాటి మీద కప్పాడు. ఒక్కోదాన్నీ కప్పుతూ, తెలియకుండానే అనేశాడు.

"పడుకో తల్లీ, పొద్దున్న నేపుతాను."

అన్నాక తనే ఉలిక్కిపడ్డాడు. ఆ మాట నోటివెంట వచ్చి ఎన్నాళ్లయిందో.

తెల్లారేసరికి కుండల వీపులు తెల్లగా ఉన్నాయి. ఎండ పడగానే, కుండ వేడెక్కి మొక్క ఉడికిపోకముందే, ఒక్కోటీ తీశాడు. అటిక కింద పచ్చగా ఉంది. కడవ కింద పచ్చగా ఉంది. దుప్పటి మాత్రం మంచుకి బరువెక్కి జారి ఆకుని తాకింది. తాకినచోటల్లా నల్లబడింది. కానీ మధ్యలో చిగురు పచ్చగా ఉంది. ఆ చిగురు చూసి పెంటయ్య రెండు చేతులూ ఎత్తి మొక్కాడు.

అలా మూడు సందెలు కప్పాడు, మూడు పొద్దులు తీశాడు. దుప్పటి లేకుండా పొయ్యి పక్కన ముడుచుకుని దగ్గు పట్టించుకున్నాడు. మూడోనాడు సన్నెమ్మ పైనుంచి మూడు ఓటి కుండలు నెత్తిన పెట్టుకుని దిగింది.

"కూడొండుకునే కుండ మొక్కకి కప్పేసినావు, మరి నువ్వేటి తింటన్నావు?"

"అంబలి తాగినానప్పా."

"ఎప్పుడూ?"

"నిన్న."

సన్నెమ్మ అతని మొహంలోకి చూసింది.

"మొన్న," అన్నాడు పెంటయ్య.

సన్నెమ్మ తిడుతూనే కుండలు దించి, తిడుతూనే పొయ్యి రాజేసి, తిడుతూనే అంబలి కాచి తాగించింది.

మంచు పోయింది. పాదులు పందిరెక్కాయి. కొండవాలున అందరి కోతలూ అయ్యాయి, అందరి ఆడపిల్లలూ వచ్చి వెళ్లిపోయారు. అందరూ వెళ్లాక, అప్పుడు పూసింది లోవలో చిక్కుడు. పెంటయ్య పూతరెమ్మ తుంచి, తడి గుడ్డలో చుట్టి, సంతకి పోయేవాళ్ల చేతికిచ్చాడు. ఇచ్చి, వాళ్ల వెనకే మొదటి కొండ సగం దాకా నడిచాడు. ఇంకెంత దూరం వస్తావని వాళ్లు నవ్వితే ఆగిపోయాడు.

"ఊరందరి కోతలూ అయిపోనాక మీ అయ్యకి పూత ఒచ్చిందా?" అని అత్తగారు మూతి తిప్పింది. తిప్పినా ఆచారం ఆచారమే, పంపక తప్పలేదు. మూడో కొండ ఎక్కి దిగి, రెండో కొండ ఎక్కి దిగి, మొదటి కొండ ఎక్కి దిగి గవరమ్మ లోవకి వచ్చింది.

పెంటయ్య పందిరి కింద ఉన్నాడు. నడక చూసి ముందు పోల్చుకోలేదు. ఇల్లాలి నడక అది. దగ్గరికొచ్చాక పోల్చుకుని, ఏం మాట్లాడాలో తెలీక, "ఆకలేస్తందా?" అన్నాడు.

గవరమ్మ తండ్రి రెక్కలు పట్టుకుని చూసింది. ఎముకలు చేతికి తగిలాయి.

"నానే గదయ్యా తొరగా నాటమన్నాను. నా మూలానే తొలి ఏడు పాడైపోనాది."

"నువ్వన్నావని కాదే," అన్నాడు పెంటయ్య. "నాకే ఆగబుద్ది కానేదు."

ఇద్దరూ ఏడ్చారు. నేనూ అక్కడుంటే ఏడ్చేవాణ్ని.

మూడు పాదుల కోత ఎంతసేపు? ఒక్క పూట. గవరమ్మ బుట్ట పట్టుకుంటే పెంటయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"ఈయేళ ఈ పాదే కొయ్యమ్మా. రేపు ఆ పాదు. ఎల్లుండి అదిగో, ఆ పాదు. తొందరేటి?"

అలా మూడు రోజులు. నాలుగోనాడు అల్లుడొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"కోత అయ్యిందా మావా?"

"ఇంకా అవనేదు బాబూ," అన్నాడు పెంటయ్య. అల్లుణ్ని పందిరి కిందికి తీసుకెళ్లి ఒక ఆకు ఎత్తాడు. దాని కింద ఒక కాయ. పక్కనే ఉన్న సన్నెమ్మకి తెలుసు, మొదటిరోజు నుంచీ ఆ ముసలాడు కాయల మీదికి ఆకులు సర్దుతూనే ఉన్నాడు. చీర చెంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంది. అల్లుడు ఆకునీ చూశాడు, మామ మొహాన్నీ చూశాడు. చాప పరుచుకుని కూర్చున్నాడు. ఆ ఆకుల కింద రెండు రోజులకి సరిపడా కాయలు దొరికాయి.

ఆ తర్వాత ఏటేటా మూకుడు పెట్టాడు, ఏటేటా కుండలు బోర్లించాడు, ఏటేటా పిల్ల వచ్చింది. పల్లాల్లో ఉండే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వచ్చి నేర్చుకుని పోయారు. ఎన్నేళ్లొచ్చినా పెంటయ్యకి చాలలేదు. ఏడాదిలో అయిదారు రోజులు చూడటం, తక్కిన రోజులు మొదటి కొండ కేసి చూడటం, అంతే అతని బతుకు.

ఒక ఏడాది పాదులు పూత మీదుండగా పెంటయ్య పోయాడు. పూతరెమ్మా కబురూ కలిసే వెళ్లాయి. గవరమ్మ వచ్చింది. పిలిచినవాడు లేని ఇంట్లో ఒక్కతే కాయ కోసింది. అన్నీ కోసి, చివర ఒక ఆకు ఎత్తితే కింద ఒక కాయ కనిపించింది. కొయ్యబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ కాయ కోస్తే కోత అయిపోయినట్టే. కోత అయిపోతే పుట్టిల్లు అయిపోయినట్టే.

మొగుడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "కోత అయ్యిందా?" అన్నాడు మెల్లిగా.

గవరమ్మ ఆ ఆకుని మళ్లీ కాయ మీదికి సర్దింది. సన్నెమ్మే చెప్పింది.

"ఇంకా అవనేదు బాబూ. ఒక కాయుంది."

ఆ కాయ కొయ్యకుండానే, రెండు రోజులుండి, గవరమ్మ వెళ్లిపోయింది. కాయ తీగ మీదే ఎండింది. ఎండాక సన్నెమ్మ కోసి ఒలిచింది. లోపల మూడు గింజలు. మరుసటి ఏడు ఆ ముసలమ్మ లోవకి దిగి, మూకుడు పెట్టి, మూడు పొద్దులు పొర లేకుండా చూసి, పెంటయ్య నేలలోనే పెంటయ్య గింజ నాటింది. పూత రాగానే రెమ్మ తుంచి మూడు కొండల అవతలికి పంపింది. ఇంట్లో మనిషి లేకపోతేనేం, ఇంటి గింజ ఉంది, ఇంటి నేల ఉంది. గవరమ్మ వచ్చింది. సన్నెమ్మ పోయాక ఊరు పంపింది. గవరమ్మ ముసలిదయ్యేదాకా ఊరు పంపుతూనే ఉంది.

ఇప్పటికీ ఆ కొండల్లో పల్లపు నేలలవాళ్లు ఊరి రోజుకి నాటరు. మూకుడు పెట్టి, మూడు పొద్దులు పొర కట్టకపోతేనే నాటుతారు. గాలి ఆగిన సందెవేళ కుండలు బోర్లిస్తూ "పడుకో తల్లీ" అంటారు. అన్నిటికన్నా ముఖ్యం, ప్రతి పాదుకీ ఒక కాయ కొయ్యకుండా వదిలేస్తారు. దాన్ని పెంటయ్య కాయ అంటారు. అది విత్తనం.

అల్లుళ్లు ఇప్పటికీ వస్తారు. గుమ్మంలో నిలబడి కోత అయ్యిందా అని అడుగుతారు. లోపల్నించి మామో అత్తో ఎవరో ఒకరు "పెంటయ్య కాయ ఉంది బాబూ, కూకో" అంటారు. ఆ కాయ ఎవరూ కొయ్యరని అల్లుడికి తెలుసు. తెలిసే చాప పరుచుకుని కూర్చుంటాడు.